పదమూడు గజాల మూడు అడుగులు

పోయినవి ముందు లెక్క పెట్టేస్తాను. నా జేబులోంచి యాభై ఏడు వేల ఆరు వందల రూపాయలు, ఇరవై నాలుగు కిస్తుల్లో. సిరికొండలో ఒక వంటింటి మీద పడవలసిన స్లాబు ఒకటి. వకీలుకు ఇచ్చిన రెండు వేలు. ఆయన చెప్పిన ముక్క నాకు ముందే తెలుసు కాబట్టి అది నిఖార్సయిన నష్టం. ఒకే మనిషితో పదకొండేళ్ళు రోజూ తాగిన రెండు పూటల చాయ్. బోధన్ రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందర "ఆయన దగ్గర లెక్క తప్పదు" అని నాకున్న పేరు. ఆ పేరుకు విలువ కట్టడం చేతకాక దాన్ని మొత్తంలో కలపలేదు.

ఇవన్నీ పోవడానికి కారణం, నేను ఒక గుణకారం సరిగ్గా చేయడం.

ఇరవై ఆరేళ్ళు నేను దస్తావేజు లేఖరిని. జనం డాక్యుమెంట్ రైటర్ అంటారు. ఉండేది నిజామాబాద్‌లో, బల్ల వేసుకున్నది బోధన్‌లో. పొద్దున బస్సెక్కితే ఆఫీసు తలుపులు తెరిచే వేళకు రేకుల పందిరి కింద నా బల్ల ముందు ఉండేవాణ్ణి. పదో తరగతి లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పాను. లెక్కలు నేర్చుకున్నది ఆ తర్వాత, ఎవరూ పరీక్ష పెట్టనప్పుడు, పసుపు యార్డులో హమాలీల కూలి చీటీలు రాస్తూ. అలా సొంతంగా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. ఎదుటివాడి లెక్కలో తప్పు కనిపిస్తే చాలు, ఆ రోజు అన్నం బాగా సయిస్తుంది.

మీరు ఇల్లు కొనబోయే వయసులో ఉండి ఇది చదువుతుంటే, మీరు అడగబోయే ప్రశ్నలు నాకు తెలుసు. ఇరవై ఆరేళ్ళలో అవి మారలేదు, అడిగే మనుషులే మారారు. "నోటరీ మీద కొంటె నడుస్తదా అన్నా?" నడుస్తుంది. దాన్ని బ్యాంకుకో మరొకరికో చూపించవలసిన రోజు వరకు దివ్యంగా నడుస్తుంది. "ఈసీ సాఫ్ ఉన్నది గద, ఇంకేం రంది?" ఈసీ అంటే ఆ ఇంటి మీద ఇంతవరకు రిజిస్టర్ అయినవాటి జాబితా. రిజిస్టర్ కానివి అందులో ఉండవు. నోటిమాట అప్పులు, పంపకం కాని వాటాలు, అన్నదమ్ముల కోపాలు ఏ ఆఫీసులోనూ రిజిస్టర్ కావు. "బయాన ఇచ్చినంక మనసు మారితె పైసలు వాపసు వస్తయా?" ఎవరి మనసు మారిందన్నదాన్ని బట్టి. "నా పేరు మీద రాయాల్నా, ఇంటామె పేరు మీదనా?" ఇంటామె పక్కన కూర్చుని ఉండగా అడిగిన ఈ ప్రశ్నకు నేనెన్నడూ జవాబు చెప్పలేదు. "రిజిస్ట్రేషన్ అయితె అయిపోయినట్టేనా?" కాలేదు. మునిసిపాలిటీలో ఇంటిపన్ను మీ పేరు మీదికి మారాలి, కరెంటు మీటరు మారాలి. లేకపోతే అమ్మినాయన మీ ఇంట్లోంచి ఎప్పటికీ ఖాళీ చేయడు, కనీసం బిల్లుల మీద.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. జాగను టేపు పెట్టి కొలిచారా అని. కొనేవాళ్ళు అడగలేదు, అమ్మేవాళ్ళు అడగలేదు, నేనూ అడగలేదు. నా బల్ల మీద క్యాలిక్యులేటరు ఉండేది, టేపు ఉండేది కాదు. మేము పాత దస్తావేజును చూసి కొత్త దస్తావేజు రాస్తాం. ఇంటిని చూసి కాదు. నేను కొన్ని వేల ఇళ్ళు చేతులు మార్పించాను, వాటిలో గడప తొక్కినవి ఐదారు, అవి కూడా గృహప్రవేశం భోజనాలకు.

ఇక అసలు సంగతి.

కొనేది ఒక ఆయమ్మ. గవర్నమెంటు దవాఖానలో పనిచేసి అప్పుడే రిటైరైంది. మెథడిస్టు కుటుంబం, పెనిమిటి లేడు, బిడ్డల పెళ్ళిళ్ళు అయిపోయాయి. ముప్పై ఏళ్ళు కిరాయి ఇళ్ళలో ఉంది. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బంతా ఒక ఇంట్లో పెట్టి, కిరాయి అడగనివాళ్ళ మధ్య చచ్చిపోవాలని ఆమె కోరిక. ఆమె మాటల్లోనే చెప్పాను. అమ్మేది చెరుకు కాటా దగ్గర పనిచేసి దిగిపోయిన పెద్దమనిషి. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ బండ్ల చెరుకు తూచాడు. వాళ్ళ బాపుకు ఒక్కడే కొడుకు, వాటాల గొడవ లేదు. భార్య తరఫువాళ్ళు సిరికొండలో జాగ ఇస్తే, బోధన్ ఇల్లు అమ్మి అక్కడ కట్టుకుందామనుకున్నాడు. గజం ఆరు వేలకు మాట్లాడుకున్నారు. ఇల్లు నూట ఇరవై గజాలు. ఏడు లక్షల ఇరవై వేలు. ఇద్దరూ మంచివాళ్ళు, కాగితాలు మంచివి. అంటే నాకు చేయడానికి పనేమీ లేదన్నమాట.

పాత దస్తావేజు ఉర్దూలో ఉంది, కాటా ఆయన బాపు కొన్నప్పటిది. మా పందిరి కింద ఉర్దూ చదవడం వచ్చినవాడు మున్షీ సాబ్ ఒక్కడే. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. కాగితానికి వంద తీసుకుని చదివి చెప్పేవాడు. పొద్దున ఒక చాయ్, సాయంత్రం ఒక చాయ్ ఇద్దరం కలిసే తాగేవాళ్ళం. పొద్దుటిది నా ఖాతా, సాయంత్రానిది ఆయన ఖాతా. ఆ రోజు ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మొదటి పంక్తి నుంచి అందుకున్నాడు. రాసిచ్చినాయన ఎవరి కొడుకు, ఏ ఊరివాడు, బుద్ధి స్థిమితంగా ఉండి ఎవరి బలవంతమూ లేకుండా ఎలా రాసిచ్చాడు...

"మున్షీ సాబ్, కథ వద్దు. అంకెలు చెప్పుండ్రి," అన్నాను.

"కథ కాదు భాయ్, కాయిదం ఇది."

"ఎన్క నలుగురు కూసున్నరు. అంకెలు చాలు."

"సరే. నూట ఇరవై గజాలు. ముందట రోడ్డు దిక్కు ఇరవై నాలుగు అడుగులు. పొడుగు నలభై." కాగితం మీద వేలు కిందికి జారింది. "ఇంక అంకెల్లేవు. కింద లఫ్జులున్నయి, ఉత్త మాటలు. చదువాల్నా?"

"వద్దు," అన్నాను.

నలభైని ఇరవై నాలుగుతో హెచ్చవేశాను. తొమ్మిది వందల అరవై చదరపు అడుగులు. గజానికి తొమ్మిది చదరపు అడుగులు కాబట్టి తొమ్మిదితో భాగిస్తే నూట ఆరు గజాలు, ఆరడుగులు. నూట ఇరవై కాదు. మళ్ళీ చేశాను. క్యాలిక్యులేటరు మీద చేశాను. చేత్తో కాగితం మీద చేశాను. పదమూడు గజాల మూడు అడుగులు తక్కువ. ఎప్పుడో పోయిన ఒక లేఖరి చేసిన తప్పును ఇన్నేళ్ళకు నేను పట్టుకున్నాను. పోయినవాళ్ళ తప్పు పట్టుకోవడంలో ఒక సుఖముంది, వాళ్ళు ఎదురు చెప్పరు.

రిజిస్ట్రేషన్ రోజున ఇద్దరినీ కూర్చోబెట్టి సంగతి చెప్పాను. కాటా ఆయన ఒప్పుకోలేదు.

"మా బాపు ఎప్పుడన్నా నూట ఇరవయ్యే అంటుండె తమ్మీ."

"బాపు అన్నది కాదన్నా. బాపు కాయిదం ఏమంటున్నదో సూడు." క్యాలిక్యులేటరు ఆయన వైపు తిప్పి ఒక్కో మీట నొక్కి చూపించాను. "మిషన్‌కు నీ మీద కోపముంటదా?"

ఆయన ఆ అంకెను చూశాడు. "కాటా కాడ ఇన్నేండ్లు నేను చెప్పిన అంకెకు రైతులు తలకాయ ఊపిండ్రు. ఇయ్యాల నీ ముందట నేను ఊపుతున్న," అన్నాడు.

ఆయమ్మ అప్పటిదాకా చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని వింటోంది. "నేను గజాల లెక్కన మాట్లాడుకున్ననన్నా. లేని జాగకు పైసలెట్లియ్యాలె?" అంది. అందులో తప్పేమీ లేదు. పదమూడు గజాల మూడు అడుగులకు ఎనభై వేలు. ధర ఆరు లక్షల నలభై వేలకు దిగింది. కాటా ఆయన సంతకం పెట్టాడు, వేలిముద్ర వేశాడు, ఇంటి తాళంచెవుల గుత్తి ఆమె చేతిలో పెట్టాడు. దస్తావేజుకు జతపరిచే ప్లాను నేనే స్కేలు పెట్టి గీశాను. నాలుగు మూలలూ సమానంగా, ముచ్చటగా వచ్చింది. ఆయమ్మ ఆ బొమ్మను దగ్గరికి పెట్టుకుని చూసింది.

"మా ఇల్లు గింత సక్కగ ఉన్నదా అన్నా?"

నవ్వాను. ఇరవై ఆరేళ్ళలో నన్ను ఒక మనిషి సరైన ప్రశ్న అడిగింది ఆ ఒక్కసారే, దానికి నేను నవ్వాను.

ఆ సాయంత్రం ఆమె అరకిలో లడ్డూలు తెచ్చిచ్చింది. "ఎనభై వేలు మిగిలిచ్చినవన్నా," అంది. పక్క బల్లల లేఖరులు వచ్చి ఆ గుణకారం చూసిపోయారు. ఒకాయన దాన్ని తన డైరీలో రాసుకున్నాడు కూడా.

మూడేళ్ళు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం ఆయమ్మ వచ్చి బల్ల ముందు కూర్చుంది. లడ్డూలు లేవు.

"అన్నా, పక్కింటాయన నా బాత్రూం నడిమిట్ల నుంచి సున్నంతోని గీత గీసిండు."

"బాత్రూంల గీతేంది అక్కా?"

"గదే నేను అడుగుతున్న. బకెట్ ఆయన దిక్కున్నది, చెంబు నా దిక్కున్నది."

పక్కింటాయన పసుపు వ్యాపారి. దక్షిణం వైపు ఇల్లు కొత్తగా కొని, మొదట ఇద్దరి మధ్య హద్దు గోడ కట్టుకున్నాడు. తర్వాత ఎవరి దగ్గరో ఆయమ్మ దస్తావేజు నకలు సంపాదించి, టేపు తెచ్చి ఆమె ఇంటిని కొలిచాడు. ముందు ఇరవై నాలుగు అడుగులు, దస్తావేజులో ఉన్నట్టే. వెనక్కి పోయేకొద్దీ ఇల్లు వెడల్పవుతూ పోయింది. దస్తావేజులో మాత్రం, నేను గీసిన ముచ్చటైన బొమ్మలో, వెనక కూడా ఇరవై నాలుగే. మిగిలిన ముక్కోణపు ముక్క ఆమెది కాదు కదా అన్నాడు.

"గా ఎన్క అడుగులన్నీ నువ్వు యాడ పెట్టినవన్నా?" అని ఆమె అడిగింది. కోపంగా అడగలేదు. దవాఖానలో మందు మారిపోయినప్పుడు నర్సును అడిగినట్టు అడిగింది.

ఆమె మిగతా భాగం కూడా చెప్పింది. నేను మిగిల్చిన ఎనభై వేలతో ఆమె బాత్రూం కట్టించింది, బోరింగు వేయించింది. బాత్రూం సగం, బోరింగు మొత్తం ఆ ముక్కోణంలోనే. ఇంట్లో మరో చోటు లేదు. పైగా పక్కింటాయన సిరికొండకు ఫోన్ చేశాడు. ఆ పదమూడు గజాలు కాగితం మీద ఇంకా కాటా ఆయనవే కాబట్టి, గజానికి పదిహేను వేలిస్తాను, నాకు రాసివ్వమన్నాడు. రెండు లక్షలు. కాటా ఆయన వచ్చే వారం వచ్చి చూస్తానన్నాడట.

"ఆయన సంతకం పెడితె, నాకు నీళ్ళు లేవు, తానం లేదు," అంది ఆయమ్మ. "ఇల్లున్నది గని ఉండేటట్టు లేదు. మల్ల కిరాయికి పోవాల్నా అన్నా?"

పాత దస్తావేజు జిరాక్సు తీసి మున్షీ సాబ్ దగ్గరికి వెళ్ళాను. ఈసారి లఫ్జులు చదవమన్నాను. ఆయన చదివాడు. ఇంటి వెనక గోడ ముందరి కంటే ఆరు అడుగులు ఎక్కువ పొడవు, దక్షిణం గోడ ఏటవాలుగా పోతుంది, వెనక దర్వాజ ఆ పెరిగిన జాగలోకి తెరుచుకుంటుంది. మాటల్లో రాశారు, ఒక్క అంకె లేకుండా. ఇరవై నాలుగు, ముప్పై కలిపి సగం చేస్తే ఇరవై ఏడు. నలభైతో హెచ్చవేస్తే వెయ్యిన్ని ఎనభై. తొమ్మిదితో భాగిస్తే నూట ఇరవై. ఆ పోయిన లేఖరికి లెక్కలు వచ్చు.

"అప్పుడే చెప్పొద్దా మున్షీ సాబ్?"

"అడిగిన. వద్దన్నవ్."

మరునాడు ఆయమ్మను తీసుకుని వకీలు దగ్గరికి పోయాను. ఆయన కాగితాలన్నీ చూసి, కొలతకూ హద్దుకూ తేడా వస్తే హద్దే గెలుస్తుందన్నాడు. దక్షిణం హద్దు పక్కింటివాళ్ళ జాగ అని రాసి ఉంది, కాబట్టి మధ్యలో ఉన్నదంతా ఆమెదేనట.

"ఎన్నేండ్లకు గెలుస్తది సార్?" అని ఆయమ్మ అడిగింది.

"గెలుస్తదమ్మా. తొందర పడదు."

ఈ పొరపాటు ఎలా జరిగిందని ఆయన అడిగాడు. ఆ గదిలో నేను చెప్పింది ఇదీ: "చదివినాయన కింది లైను విడిచిపెట్టిండు సార్." అందులో ఒక్క మాట అబద్ధం కాదు. ఆయన విడిచిపెట్టింది నిజమే. వకీలు దగ్గర పనిచేసే గుమాస్తా ఆ సాయంత్రమే ఆ మాటను మున్షీ సాబ్‌కు చేర్చాడు. తెల్లారి పొద్దున నేను చాయ్ రెండు చెప్పాను. ఒకటి చల్లారింది.

ఆదివారం చర్చి విడిచాక అందరం ఆ ఇంటి దగ్గర కలిశాం. నా లెక్క ప్రకారం చేతులు మారిన ఆ ఇంటి గడప నేను మొదటిసారి తొక్కింది ఆ రోజే. ప్రార్థనకు కట్టిన తెల్లచీరతోనే ఆయమ్మ కుర్చీలు వేసింది. కాటా ఆయన సిరికొండ నుంచి బస్సులో వచ్చాడు. పక్కింటాయన గోడ మీద చేయి వేసి నిలబడ్డాడు, దాన్ని ఎవరైనా ఎత్తుకుపోతారన్నట్టు. మున్షీ సాబ్ కూడా వచ్చాడు. నేను పిలిస్తే కాదు, ఆయమ్మ పిలిస్తే. నేను నిజామాబాద్‌లో ఒక కొత్త టేపు కొనుక్కుని పోయాను.

మున్షీ సాబ్ ఈసారి మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా చదివాడు. ఎవరూ అంకెలు చాలనలేదు. ఆరడుగుల దగ్గరికి వచ్చేసరికి కాటా ఆయన చేయి ఎత్తి ఆపాడు.

"గిది ఆ రోజు సదివితె, నా వంటింటి మీద ఇయ్యాల స్లాబుంటుండె. ఎనభై వేలు తక్కువ పడ్డయని రేకులేసిన. ఎండకాలం నా ఇంటామె అండ్ల నిలవడలేదు." ఆగి, మా ఇద్దరినీ చూశాడు. "సదువద్దన్నది ఎవలు?"

మున్షీ సాబ్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయాడు. నా పేరు ఆయన చెప్పలేదు. ఆయన చెబితే నాకు సులువుగా ఉండేది.

"నేనే," అన్నాను. "చదువాల్నా అని ఆయన అడిగిండు. నేనే వద్దన్న."

పక్కింటాయనకు ఈ చరిత్ర అక్కర్లేదు. "ఎవలు సదివినా, సదువకున్నా, కాయిదం మీద ఇరవై నాలుగే ఉన్నది. కాకా, నేను రెండు లచ్చలిస్తనంటున్న. నగదు," అన్నాడు.

"కొని ఏం జేస్తవ్?" అన్నాడు కాటా ఆయన.

"పసుపు బస్తాలు పెట్టుకుంట."

"ఆమె తానం జేసే జాగల?"

"కూలగొట్టినంకనే పెడుత కాకా. తడి తగులద్దు."

కాటా ఆయన లేచి ఇంటి వెనక్కి నడిచాడు, వెంట మేమూ నడిచాం. వెనక దర్వాజ గొళ్ళెం తీసి, మళ్ళీ వేసి, మళ్ళీ తీశాడు. ఆయమ్మ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ ఆయన చేతినే చూస్తోంది. రెండు లక్షలకు నాలుగు స్లాబులు కాకపోయినా రెండు పడతాయి, ఆ లెక్క ఆయనా వేసుకుంటున్నాడని నాకు తెలుసు.

"ఆమెకు తాళంచెవుల గుత్తి ఇచ్చిన గద," అన్నాడు చివరికి. "అండ్ల ఈ దర్వాజది కూడ ఉన్నది. అమ్మకపోతె ఈ తాళంచెవి ఎందుకిస్త?" నా వైపు తిరిగాడు. "తమ్మీ, నేను ఇల్లమ్మిన. గజాలమ్మింది నువ్వు."

 

"మరి మీ ఎనభై వేలు నేనిస్త బాపూ," అంది ఆయమ్మ వెంటనే. "ఇప్పుడు చేతిల లేవు. అన్నీ బాత్రూంలనే ఉన్నయి. చిట్టి ఎత్తి ఇస్త."

"ఇయ్యి. మల్ల మూడేండ్లది?"

మా దిక్కున జాగ ధర పెరిగిందంటే ఎవరూ ఒప్పుకోరు, మిత్తి, అదే వడ్డీ, అంటే అందరూ ఒప్పుకుంటారు. నెలకు నూటికి రెండు రూపాయలన్నది వ్యవహారంలో ఉన్న మాట. కాటా ఆయన ఎవరినీ ప్రత్యేకంగా అడగకుండా, గాలిలోకి అడిగాడు. "ఎనభై వేలకు నూటికి రెండు లెక్కన మూడేండ్ల మిత్తి ఎంతయితది?"

"యాభై ఏడు వేల ఆరు వందలు," అని నేను ఠక్కున చెప్పేశాను. పసుపు యార్డు రోజుల నుంచీ ఉన్న అలవాటు, ఎవరు లెక్క అడిగినా ముందు నేనే చెప్పాలి.

"అసలు ఆమెది. మిత్తి నీది," అన్నాడు కాటా ఆయన. "నెలనెల ఇయ్యి, పరవాలే. నీ లెక్క మీద నాకింకా నమ్మకమున్నది."

ఆయమ్మ నవ్వింది. మున్షీ సాబ్ నవ్వు ఆపుకోవడానికి గోడ వైపు తిరిగాడు. లోకమంతా రెండు లక్షలు వదులుకున్నాడని కాటా ఆయనను తప్పుబట్టవచ్చు. చేతిలోకి వచ్చేది లక్షా ముప్పై ఏడు వేల ఆరు వందలు, పోగొట్టుకున్నది అరవై రెండు వేల నాలుగు వందలు. ఆయనకు ఆ తీసివేత రాక కాదు.

ఇక సవరణ దస్తావేజు రాయాలి. అమ్మినాయనా కొన్నామే ఇద్దరూ కలిసి సంతకం పెడితే పాత తప్పు దిద్దుకోవచ్చు. ఈసారి కొలిచే రాద్దామని టేపు తీశాను. ఒక కొస కాటా ఆయన పట్టుకున్నాడు, ఒక కొస నేను. ముందర ఇరవై నాలుగు. పొడవు నలభై. వెనక పక్కింటాయన కొత్త గోడ దాకా లాగితే, ఇరవై తొమ్మిది.

మళ్ళీ లాగాను. ఇరవై తొమ్మిదే.

"ఇరవై తొమ్మిదొచ్చింది," అని అందరికీ వినబడేలా చదివాను. గోడ కడుతున్నప్పుడు వెనక మూల ఒక అడుగు ఇవతలికి జరిగింది. కావాలనో, మేస్త్రీ తాడు వంకరో, తెలియదు. పక్కింటాయన చేయి గోడ మీదికి మళ్ళీ వచ్చింది.

"మా బాపు కాయిదంల ముప్పై ఉన్నది. ముప్పయ్యే రాయాలె," అన్నాడు కాటా ఆయన.

"కాయిదం మీద మీరు ఎంతన్న రాసుకోండ్రి," అన్నాడు పక్కింటాయన. "నా గోడను మాత్రం ముట్టద్దు. లచ్చన్నర పెట్టి కట్టిన."

ఆ రాత్రంతా అని రాయను, ఒక గంటసేపు నాకు పెన్ను కదల్లేదు. టేపు ప్రకారం జాగ వెయ్యిన్ని అరవై అడుగులు, నూట పదిహేడు గజాల ఏడు అడుగులు. అదే సరైన లెక్క. అది రాస్తే నా మనసుకు హాయి. కానీ సరైన లెక్క రాసి ఆమె జాగ పోగొట్టడం ఒకసారి చేశాను. చిత్తు కాగితం మీద వేసిన ఆ లెక్కను కొట్టేశాను. వెనక వైపు ముప్పై అని రాశాను, నూట ఇరవై గజాలని రాశాను, దక్షిణం గోడ ఏటవాలు అని మాటల్లో కూడా రాశాను. ప్లాను మళ్ళీ గీశాను. వంకరగా, అందం లేకుండా వచ్చింది. ఆయమ్మ చూసి, "గిది మా ఇల్లు," అంది.

సాక్షులు ఇద్దరు కావాలి. ఒకరు మున్షీ సాబ్. రెండో సాక్షిగా పక్కింటాయనే ఉండాలని ఆయమ్మ పట్టుబట్టింది, రేపు మళ్ళీ సున్నం తెచ్చుకోకుండా. గోడ జోలికి రాలేదన్న సంతోషంలో ఆయన వచ్చి, నూట ఇరవై గజాలని స్పష్టంగా రాసి ఉన్న దస్తావేజు కింద సంతకం పెట్టి వెళ్ళాడు. చదవడానికి ఇచ్చాను. "అంకెలు నువ్వు సూసినవ్ గద, చాలు," అన్నాడు.

మున్షీ సాబ్ చదివినందుకు వంద రూపాయలు లెక్కపెట్టి తీసుకున్నాడు. చాయ్ చెప్పమంటారా అన్నాను. షుగర్ వచ్చిందని మానేశానన్నాడు. అరగంట తర్వాత చూస్తే అవతలి బల్ల దగ్గర తాగుతున్నాడు, రెండు చెంచాల చక్కెరతో. నేను ఆ పందిరి విడిచిపెట్టేదాకా అంతే. నమస్కారానికి నమస్కారం, అంతకు మించి లేదు.

ఆయమ్మ చిట్టి ఎత్తి ఎనభై వేలు ఇచ్చింది. నేను నెలకు రెండు వేల నాలుగు వందల చొప్పున రెండేళ్ళు సిరికొండకు పంపాను, ఆఖరు కిస్తు స్వయంగా పట్టుకుపోయి ఇచ్చాను. ఆమె ఎనభై వేలు చేతికొచ్చేసరికి స్లాబు ఖర్చు వాటిని దాటిపోయిందట, నేను పంపినవి నెలనెలా ఖర్చయిపోయాయట. వంటింటి మీద రేకులే ఉన్నాయి. వాటి కింద కూర్చోబెట్టే నాకు అన్నం పెట్టారు. అప్పు తీరినట్టు కాగితం రాసివ్వమంటే కాటా ఆయన రాసిచ్చాడు, అంకెల్లో ఒకసారి, మాటల్లో ఒకసారి.

బల్ల అమ్మేసిన ఏడాది ఒకసారి బోధన్ వెళ్ళి ఆయమ్మను చూశాను. బోరింగు కొట్టి చెంబుతో నీళ్ళిచ్చింది. వెనక్కి తీసుకెళ్ళి పక్కింటాయన గోడ చూపించింది. కొత్తగా రంగు వేయించాడు.

"అక్కా, నీకు ఒక మాట చెప్పాలె," అన్నాను. "నువ్వు నూట ఇరవై గజాలకు పైసలు కట్టినవ్. గోడ ఒక అడుగు ఇటు జరిగింది. నీ జాగ కొంత ఆయన గోడ దిక్కు పోయింది."

"ఎరుకే అన్నా. నువ్వు టేపు గుంజిననాడే ఎరుక."

"మరి అప్పుడెందుకు అనలే?"

"అంటె కొట్లాట. నేను రోజు మొకం సూసేటోడాయె." గోడను అరచేత్తో రెండుసార్లు తట్టి చూసింది, పుచ్చకాయ కొనేవాళ్ళు తట్టినట్టు. "గోడ ఎన్నటికన్న కూలుతది గద. కాయిదం ఉంటది. కింద ఆయన సంతకముంటది. గప్పుడు నా బిడ్డలు అడుగుతరు."

గోడ గట్టిగానే ఉంది. ఆ సంతకంతో గోడ తీసుకున్న అడుగు ఆమెదేనని తానే ఒప్పుకున్నట్టయిందన్న సంగతి పక్కింటాయనకు ఎవరూ చెప్పలేదు. అడుగు వెడల్పు, నలభై అడుగుల పొడవు, ముక్కోణం కాబట్టి అందులో సగం. నేటికి ఆయన ఆమెకు బాకీ ఇరవై చదరపు అడుగులు, అంటే రెండు గజాల రెండు అడుగులు.